లేన్ మారే ముందు ఒక ప్రశ్న



సంక్రాంతి ముందు రోజుల్లో హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే దారిలో పంతంగి టోల్‌ప్లాజా ఎలా ఉంటుందో మీలో చాలామందికి తెలుసు. కారు వెనక కారు. డిక్కీల్లో కొత్తబట్టల సంచులు. వెనక సీట్లో నిద్రపోతున్న పిల్లలు. పేపర్లు, టీవీలు ఏటా గేటు ముందున్న క్యూనే చూపిస్తాయి. కానీ ఫాస్టాగ్ వచ్చాక గేటు దాటడం పెద్ద పనేం కాదు. అసలు చిక్కు గేటు దాటాక మొదలవుతుంది.

గేట్లు బోలెడు ఉంటాయి. ఆ తర్వాత రోడ్డు మీద మిగిలేవి రెండే వరుసలు. అన్ని గేట్లలోంచి వచ్చినవాళ్లూ ఆ రెండు వరుసల్లోకే సర్దుకోవాలి. అక్కడ సిగ్నల్ దీపం ఉండదు. చెయ్యి చూపి ఆపే పోలీసు ఉండడు. గేటు దాటగానే అందరి కాలూ ఒకేసారి యాక్సిలరేటర్ మీద పడుతుంది. ఎడమ చివర గేటులోంచి వచ్చిన కారు కుడి వరుస కోసం అడ్డంగా పోతుంది. కుడి చివర గేటులోంచి వచ్చిన బస్సు ఎడమవైపు ఒత్తుతుంది. హారన్లు, అరుపులు, గీసుకుపోయిన అద్దాలు. ఎవరు ముందు పోవాలి, ఎవరు ఆగాలి? అడిగి చూడండి. పదేళ్లుగా బండి నడుపుతున్నవాళ్లు కూడా ఠక్కున చెప్పలేరు.

ఈ ప్రసంగంలో చెప్పదలచుకున్నది ఒక్కటే సంగతి. ముందున్న బండిని దాటి వెళ్లినా, ఒక దారిలోంచి మరో దారిలో కలిసినా, మీరు చేసే పని ఒకటే. మీ వరుస వదిలి, ఇంకొకరు నడుస్తున్న వరుసలోకి అడుగు పెడుతున్నారు. అందుకని వెళ్లే ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి. నేను వెళ్తే అవతలి మనిషి బ్రేకు తొక్కాల్సి వస్తుందా? స్టీరింగు తిప్పాల్సి వస్తుందా? వస్తుంది అనిపిస్తే ఆగాలి. మళ్లీ చెప్పుకుందాం. నేను వెళ్తే, అవతలి మనిషి బ్రేకు తొక్కాల్సి వస్తుందా? ఈ ప్రశ్న గుర్తుంటే చట్టంలో సగం నియమాలు వాటంతటవే అర్థమవుతాయి.

ముందు ఓవర్‌టేకింగ్ సంగతి చూద్దాం.

రెండు వరుసల రోడ్డు ఊహించుకోండి. మధ్యలో డివైడర్ లేదు. పోయేవాళ్లూ వచ్చేవాళ్లూ ఒకే తారు మీద. మన జిల్లా రోడ్లు చాలావరకు ఇలాంటివే. మీ ముందు లారీ ఉంది. అది గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతోంది. మీరు 80తో దాటాలనుకున్నారు. ఎంత రోడ్డు కావాలి? చాలామంది వంద మీటర్లు చాలంటారు. లెక్క వేసి చూద్దాం. కాస్త ఓపిగ్గా వినండి, ఇది అసలు ముడి.

లారీ పొడవు పది మీటర్లు అనుకుందాం. దాని వెనక ఇరవై మీటర్ల దూరంలో మీరు కుడివైపుకు వస్తారు. దాన్ని దాటాక ముందు మరో ఇరవై మీటర్లు వదిలి మళ్లీ ఎడమ వరుసలోకి వస్తారు. మీ కారు పొడవు నాలుగు మీటర్లు. అంటే లారీ కంటే మీరు 54 మీటర్లు ఎక్కువ నడవాలి. మీ వేగానికీ లారీ వేగానికీ తేడా 30 కిలోమీటర్లు. సెకనుకు ఎనిమిది మీటర్ల పైచిలుకు. కాబట్టి దాటడానికి ఆరున్నర సెకన్లు పడుతుంది. ఆ ఆరున్నర సెకన్లలో మీ కారు 144 మీటర్లు పోతుంది. అంతా ఎదుటివాళ్ల వరుసలోనే.

ఇంతటితో అయిపోలేదు. ఎదురుగా వచ్చే బండి కూడా ఆగి ఉండదు కదా. అదీ 80తోనే వస్తుంటే, అదే ఆరున్నర సెకన్లలో అది కూడా 144 మీటర్లు మీవైపు వస్తుంది. రెండూ కలిపితే 290 మీటర్లకు దగ్గర. అది కూడా చివరి క్షణంలో రెండు బండ్లూ రాసుకుంటూ తప్పుకుంటే. కాస్త ఊపిరి పీల్చుకునే చోటు కావాలంటే ఇంకా ఎక్కువ ఉండాలి. రోడ్లు డిజైన్ చేసే ఇంజనీర్లకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాలు ఉన్నాయి. 80 కిలోమీటర్ల వేగానికి తయారుచేసే రోడ్డు మీద సురక్షితంగా దాటాలంటే డ్రైవరుకు 470 మీటర్ల దూరం కనిపించాలని ఆ ప్రమాణం చెబుతుంది. దాదాపు అర కిలోమీటరు.

ఇప్పుడు లెక్కలో ఒక్క అంకె మారుద్దాం. మీ బండికి అంత పికప్ లేదు. నిండా మనుషులున్నారు, ఏసీ నడుస్తోంది. మీరు 80తో కాదు, 60తో దాటుతున్నారు. లారీ 50లోనే ఉంది. తేడా పది కిలోమీటర్లే. అదే 54 మీటర్లు ఎక్కువ నడవడానికి ఇప్పుడు 19 సెకన్లకు పైన పడుతుంది. ఆ లోపు మీరు 320 మీటర్ల పైన పోతారు. 80తో ఎదురొచ్చే బండి 430 మీటర్లు వస్తుంది. కలిపితే 750 మీటర్లు. ముప్పావు కిలోమీటరు! నెమ్మదిగా దాటితే జాగ్రత్తగా దాటినట్టే అనుకుంటారు కొందరు. నిజానికి లారీ పక్కనే పాకుతూ పోయేవాళ్లే ఎదుటి వరుసలో ఎక్కువసేపు ఉంటారు. వేగం పెంచమని దీని అర్థం కాదు. చాలినంత తేడా లేకపోతే దాటే ఆలోచనే మానుకోవాలని అర్థం. వెనకే పోవాలి. లారీ వెనక ఓ పది కిలోమీటర్లు పోతే మీకు పట్టే అదనపు సమయం నాలుగైదు నిమిషాలు.

మన ప్రశ్న ఇక్కడికి తెచ్చుకోండి. నేను కుడివైపుకు వస్తే ఎదురుగా వచ్చే మనిషి బ్రేకు తొక్కాల్సి వస్తుందా? అతను లైట్లు కొట్టి, అంచు దిగి, మట్టిలోకి బండి దింపితే మీరు క్షేమంగా దాటినట్టు కాదు. అతను మిమ్మల్ని దాటించినట్టు. మోటార్‌సైకిల్ మీద వచ్చేవాళ్లను ఇలా రోజూ అంచు దింపేస్తుంటారు. వాళ్లు రోడ్డులో భాగమే కాదన్నట్టు చూడటం మన దారుల మీద పాతుకుపోయిన దురలవాటు.

చట్టం ఏమంటుంది? మన దేశంలో డ్రైవింగ్ నియమాలు 1989లో వచ్చాయి. వాటి స్థానంలో 2017లో కొత్త నిబంధనలు తెచ్చారు. మూలసూత్రం మాత్రం మారలేదు. దాటేది కుడివైపు నుంచే. ముందున్న బండి కుడికి తిరగడానికి సంకేతం ఇచ్చి, రోడ్డు మధ్యకు జరిగి ఉంటే అప్పుడు ఎడమ నుంచి పోవచ్చు. మలుపు దగ్గర దాటకూడదు. ఎత్తెక్కుతూ అవతల ఏముందో కనిపించని చోట దాటకూడదు. వెనకవాళ్లు అప్పటికే మిమ్మల్ని దాటడం మొదలుపెట్టి ఉంటే మీరు బయటికి రాకూడదు. దాటడం వల్ల ఎవరికైనా ప్రమాదమో ఇబ్బందో అయ్యే చోట దాటకూడదు. చూశారా, ఈ చివరిది మన ప్రశ్నే.

ఇంకో నియమం ఉంది. దాన్ని చాలామంది నియమంగానే అనుకోరు. మిమ్మల్ని ఎవరైనా దాటుతుంటే మీరు వేగం పెంచకూడదు. అడ్డు రాకూడదు. మన రోడ్ల మీద ఏం జరుగుతుంది? అప్పటిదాకా 60లో పోతున్న బండి, పక్కకు ఇంకో బండి రాగానే 75 అందుకుంటుంది. లోపలున్న మనిషికి పౌరుషం పొడుచుకొస్తుంది. మామూలుగా శాంతంగా ఉండే మనుషులు, ఇంట్లో గట్టిగా మాట్లాడనివాళ్లు కూడా, స్టీరింగు ముందు కూర్చోగానే ఇలా అవుతారు. ఇందాకటి లెక్క గుర్తుందా? తేడా 30 ఉంటే ఆరున్నర సెకన్లు. తేడా పదికి పడిపోతే 19 సెకన్లు. మీరు వేగం పెంచిన ఆ క్షణంలో పక్క బండిని ఎదుటి వరుసలో ఇరికించినట్టే. ఎదురుగా ఏదైనా వస్తే ముగ్గురూ ప్రమాదంలో పడ్డట్టే.

తారు మీద గీసిన గీతలు కూడా మాట్లాడతాయి. మధ్యలో తెగిపోతూ పోయే తెల్లగీత ఉంటే, దారి ఖాళీగా ఉన్నప్పుడు దాటవచ్చు. తెగకుండా పోయే పసుపు గీత ఉంటే దాటకూడదు. ఒక్కోచోట రెండు గీతలు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి తెగిన గీత, ఒకటి తెగని గీత. అప్పుడు మీ వైపున్నది ఏదో చూసుకోవాలి. మీ వైపు తెగిన గీత ఉంటే మీకు అనుమతి ఉంది. తెగని గీత ఉంటే లేదు. ఆ గీత ఎవరో తోచినట్టు గీసింది కాదు. ఎంత దూరం కనిపిస్తుందో చూసి గీస్తారు. మలుపు అవతల ఏముందో మీకు తెలియదు, గీత గీసినవాళ్లు కొలిచి చూశారు. కొత్తగా తారు వేసిన చోట, గీతలు చెరిగిపోయిన చోట మాత్రం మీ కళ్లే మీకు గీత.

ఘాట్ రోడ్డు మీద ఈ మాట మరింత గట్టిగా చెప్పాలి. దోర్నాల నుంచి శ్రీశైలం వెళ్లే నల్లమల దారిలో వరసగా మలుపులే. అక్కడ బస్సు వెనక పడితే బస్సు వెనకే పోవాలి. వేరే దారి లేదు. ఇరుకైన చోట రెండు బండ్లు ఎదురుపడితే, దిగేవాళ్లు ఆగి ఎక్కేవాళ్లకు దారి ఇవ్వాలన్నది పాత నియమం. నిండు బరువుతో ఎక్కుతున్న బండి ఒకసారి ఆగితే మళ్లీ కదలడం కష్టం. అది తెలిసి పెట్టిన నియమం అది.

ఇప్పుడు సంకేతాల గొడవ. లారీ వెనక "సౌండ్ హారన్" అని రాసి ఉంటుంది. మీరు హారన్ కొడతారు. లారీ కుడి ఇండికేటర్ వెలుగుతుంది. దానికి అర్థం ఏమిటి? "దారి ఉంది, పొండి" అనా? "నేను కుడికి తిరుగుతున్నాను" అనా? "ఎదురుగా బండి వస్తోంది, రావద్దు" అనా? ముగ్గురు డ్రైవర్లను అడిగితే మూడు జవాబులు వస్తాయి. చట్టంలో ఇండికేటర్‌కు ఒక్కటే అర్థం. ఆ వైపుకు తిరుగుతున్నాను, లేదా ఆ వైపుకు జరుగుతున్నాను. దాటి పొమ్మని చెప్పడానికి పాత నియమాల్లో వేరే సంకేతం ఉండేది. డ్రైవరు కుడిచెయ్యి కిటికీలోంచి బయటికి చాచి, ముందుకూ వెనక్కూ ఊపాలి. ఏసీ క్యాబిన్లు, మూసిన అద్దాలు వచ్చాక ఆ చెయ్యి కనిపించడమే తగ్గిపోయింది. ఆ ఖాళీలోకి ఇండికేటర్ వచ్చి కూర్చుంది, అదీ ఎవరికి తోచిన అర్థంతో వాళ్లకు. అందుకని కుడి ఇండికేటర్ వెలుగుతున్న లారీని కుడివైపు నుంచి దాటకండి. అతను నిజంగా కుడికి తిరిగితే మీరు దాని చక్రాల ముందు ఉంటారు.

హెడ్‌లైట్ కొట్టడం కూడా ఇంతే. మన దగ్గర ఎదుటివాళ్లు డిప్పర్ కొడితే "నేను వస్తున్నాను, తప్పుకో" అని. బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ చాలామంది అదే లైటు కొట్టి "ముందు మీరు వెళ్లండి" అంటారు. ఇక్కడ నేర్చుకుని డల్లాస్‌కో న్యూజెర్సీకో వెళ్లిన మన పిల్లలు మొదట్లో దీనికి తికమకపడతారు. దాటే వైపు కూడా అక్కడ తలకిందులు. అమెరికాలో బండి కుడివైపు నడుస్తుంది, ఎడమ నుంచి దాటాలి. సెలవులకు ఊరొచ్చి వెంటనే స్టీరింగు అందుకునేవాళ్లు ఒకటి రెండు రోజులు పక్కన కూర్చోవడం మంచిది. అమ్మానాన్నలు మొహమాటపడకుండా చెప్పొచ్చు.

నాలుగు వరుసల హైవేకి వద్దాం. మధ్యలో డివైడర్ ఉంది కాబట్టి ఎదురుగా బండి రాదు. అలా అనుకుంటాం. రాంగ్‌సైడ్‌లో వచ్చే బైకులను, ట్రాక్టర్లను మర్చిపోతే. ఇక్కడ కుడి వరుస దాటడానికి. దాటాక మళ్లీ ఎడమకు రావాలి. కానీ మన హైవేల మీద బరువు లారీ కుడి వరుసలోనే నింపాదిగా పోతుంటుంది. కార్లన్నీ ఎడమ నుంచి దూరి పోతుంటాయి. లారీ డ్రైవర్లను తిట్టుకోవడం తేలిక. వాళ్లను అడిగితే వాళ్ల కారణం చెబుతారు. ఎడమ వరుసలో ఆగిన లారీలు ఉంటాయి. ఆటోలు ఎదురొస్తాయి. కోతల కాలంలో ధాన్యం ఆరబోసి, చుట్టూ రాళ్లు పెడతారు. వెనక లైటు లేని ట్రాక్టర్ ట్రక్కు రాత్రిపూట గోడలా ఎదురవుతుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇవన్నీ తప్పించుకోవడం కంటే కుడి వరుసలో కదలకుండా ఉండటమే నయం అనుకుంటారు. కారణం నిజమే. ఫలితం మాత్రం చెడ్డది. లారీకి ఎడమ పక్కన డ్రైవరుకు కనిపించని చోటు చాలా ఉంటుంది. అక్కడికి మీరు దూరిన క్షణంలోనే అతను ఎడమకు జరగాలనుకోవచ్చు. ఒక గుర్తు పెట్టుకోండి. లారీ అద్దంలో డ్రైవరు మొహం మీకు కనిపించకపోతే, అతనికి మీరు కూడా కనిపించరు.

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద ఈ వరుసల లెక్క స్పష్టంగా రాసి పెట్టారు. 158 కిలోమీటర్ల రోడ్డు అది. ఒక్కో వైపు నాలుగు వరుసలు. 2023లో గరిష్ఠ వేగాన్ని 100 నుంచి 120కి పెంచారు. డివైడర్ పక్కనున్న మొదటి రెండు వరుసల్లో 120 దాటకూడదు, 80కి తగ్గకూడదు. ఎడమ చివరి రెండు వరుసల్లో 80 దాటకూడదు, 40కి తగ్గకూడదు. ద్విచక్ర వాహనాలకు అనుమతి లేదు. ఇక్కడ వింతేమిటంటే, నెమ్మదిగా పోవడం కూడా తప్పే. మొదటి వరుసలో 60తో పోయే కారు తన పాటికి తాను క్రమశిక్షణగా పోతున్నాననుకుంటుంది. దాని వెనక వచ్చే ప్రతి బండీ దాని కోసం బ్రేకు తొక్కి వరుస మారుతుంటుంది. ఇలా రోజంతా.

తప్పుగా దాటితే శిక్ష ఏమిటని అడుగుతారు కొందరు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు, ప్రమాదకరమైన డ్రైవింగ్ అంటే ఏమిటో 184వ సెక్షన్‌లో విడమరిచి రాశారు. ఎర్ర లైటు దాటడం, చేతిలో ఫోను పట్టుకుని నడపడం, ఎదురుదిశలో రావడం. వీటి పక్కనే, చట్టానికి విరుద్ధంగా ఇతర వాహనాలను దాటడం కూడా ఉంది. మొదటి తప్పుకు ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి నుంచి ఐదు వేల రూపాయల జరిమానా, లేదా రెండూ. మూడేళ్లలోపు మళ్లీ చేస్తే రెండేళ్ల దాకా జైలు పడొచ్చు, జరిమానా పది వేలు. హెల్మెట్ చలానా గురించి తెలిసినంతగా ఈ సంగతి జనానికి తెలియదు. హెల్మెట్ లేని తల కెమెరాకు తేలిగ్గా దొరుకుతుంది. తప్పు ఓవర్‌టేకింగ్ దొరికేది చాలాసార్లు ప్రమాదం జరిగాకే.

ఇక కలవడం. సర్వీస్ రోడ్డులోంచి హైవే మీదికి రావడం, ర్యాంపు మీదుగా ఔటర్ ఎక్కడం, రెండు వరుసలు ఒకటయ్యే చోట సర్దుకోవడం. ఇంగ్లీషులో మెర్జింగ్ అంటారు, డ్రైవింగ్ స్కూల్లో ఈ మాట వినిపించడం అరుదు.

మొదటి నియమం సులువు. పెద్దరోడ్డు మీద పోయేవాళ్లదే ముందు హక్కు. చిన్నరోడ్డు నుంచి వచ్చేవాళ్లు ఆగి చూసుకోవాలి. పెద్దరోడ్డు, చిన్నరోడ్డు అని తేడా లేని కూడలిలో, సిగ్నల్ కూడా లేకపోతే, మీ కుడివైపు నుంచి వచ్చేవాళ్లకు దారి ఇవ్వాలి. "పెద్ద బండికి దారి" అన్న నియమం ఏ పుస్తకంలోనూ లేదు. రోడ్డు మీద మాత్రం అదే అమలవుతోంది. టిప్పర్ వస్తే అందరూ ఆగుతారు, స్కూటీ వస్తే ఎవరూ ఆగరు.

ఇప్పుడు ఒక ట్రాక్టరు చూడండి. ఊరి దారిలోంచి వచ్చి హైవే ఎక్కాలి. హైవే మీద కారు వంద మీటర్ల దూరంలో 80తో వస్తోంది. ట్రాక్టరు నడిపే ఆయన కారును చూశాడు. "దూరంగా ఉందిలే" అనుకుని 20 వేగంతో ఎక్కేశాడు. రెంటికీ తేడా 60 కిలోమీటర్లు. ఆ వంద మీటర్లు ఆరు సెకన్లలో కరిగిపోతాయి. కారులో మనిషి ఫోను వైపు ఒక్కసారి చూసి తలెత్తితే సగం అయిపోతాయి. దేశంలో 2022లో జరిగిన రోడ్డు ప్రమాదాల్లో వెనక నుంచి గుద్దుకున్నవే మొదటి స్థానంలో ఉన్నాయి. ఆ ఏడాది మొత్తం 4,61,312 ప్రమాదాలు జరిగాయి, 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో 61 వేల మందికి పైగా పోయింది జాతీయ రహదారుల మీదే.

అందుకని కలిసేటప్పుడు దూరం ఒక్కటే చూస్తే చాలదు. వేగం చూడాలి. ర్యాంపు చివర వేగం అందుకోవడానికి కొంత అదనపు వరుస వదులుతారు. అది ఆగి నిలబడటానికి కాదు. అక్కడ మీ వేగాన్ని పెద్దరోడ్డు వేగానికి దగ్గరగా తెచ్చుకోవాలి. ఇండికేటర్ ముందే వేయాలి. అద్దంలో చూడాలి. తల కొంచెం తిప్పి భుజం మీదుగా కూడా చూడాలి. అద్దంలో పడని చోటు అక్కడే ఉంటుంది. అప్పుడు ఖాళీ చూసుకుని నెమ్మదిగా ఒరగాలి. ఒకవేళ పెద్దరోడ్డు నిండుగా ఉంటే ముందుగానే వేగం తగ్గించుకోవాలి. చివరిదాకా దూసుకెళ్లి, సడన్‌గా ఆగి, అక్కడి నుంచి దూకకూడదు. ట్రాక్టరు, ఆటో లాంటివి వేగం అందుకోలేవు. కాబట్టి వాటికి ఇంకా పెద్ద ఖాళీ కావాలి. ఖాళీ దొరికేదాకా ఆగక తప్పదు. నేను ఎక్కితే వెనక వచ్చే మనిషి బ్రేకు తొక్కాల్సి వస్తుందా? అదే ప్రశ్న.

వరుసలు తగ్గిపోయే చోటు ఎంత ప్రమాదమో దేశమంతా ఒకసారి చూసింది. 2022 సెప్టెంబర్ 4. టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ ప్రయాణిస్తున్న కారు, అహ్మదాబాద్ నుంచి ముంబై వచ్చే హైవే మీద, పాల్ఘర్ జిల్లాలో సూర్యా నది వంతెన గోడను ఢీకొంది. వెనక సీట్లో ఉన్న మిస్త్రీ, మరొకరు చనిపోయారు. ఇద్దరూ సీటుబెల్టు పెట్టుకోలేదని తేలింది. వెనక సీటు బెల్టు గురించి ఆ తర్వాత చాలా చర్చ జరిగింది, జరగాల్సిందే. కానీ ఇంకో సంగతి అంతగా చర్చకు రాలేదు. ఆ చోట మూడు వరుసల రోడ్డు వంతెన దగ్గర రెండు వరుసలవుతుంది. కారు మూడో వరుసలోంచి రెండో వరుసలోకి రాలేకపోయిందని, అక్కడ ఒక ట్రక్కు ఉందని, బతికి బయటపడినవారి వాంగ్మూలం ఆధారంగా వార్తలు వచ్చాయి. ఖరీదైన కారు, మంచి రోడ్డు, పట్టపగలు. ముందు వరుస అయిపోతోందన్న సంగతి సమయానికి అందకపోతే ఇవేవీ అక్కరకు రావు. వంతెన ముందు, ఫ్లైఓవర్ ముందు, రోడ్డు పనులు జరిగే చోట, "ముందు దారి ఇరుకు" అని బోర్డు కనిపిస్తే అక్కడే ఇండికేటర్ వేసి ఖాళీ వెతకడం మొదలుపెట్టండి.

ట్రాఫిక్ నెమ్మదిగా పాకుతున్నప్పుడు పద్ధతి వేరు. దీనికి జర్మనీలో చట్టమే ఉంది. పిల్లల స్కూలు బ్యాగుకుండే జిప్ చూశారు కదా. ఇటు నుంచి ఒక పన్ను, అటు నుంచి ఒక పన్ను. అలా ఒకటి తర్వాత ఒకటి కలుస్తాయి. వరుస అయిపోయే చోట బండ్లు అచ్చం ఇలాగే కలవాలి. ఈ వరుస నుంచి ఒకటి, ఆ వరుస నుంచి ఒకటి. జర్మన్లు దీన్ని జిప్ పద్ధతి అనే పిలుస్తారు. అమెరికాలో మిన్నెసోటా లాంటి రాష్ట్రాల రవాణా శాఖలు కూడా ఇదే నేర్పుతున్నాయి.

ఇందులో రెండు మెలికలు ఉన్నాయి. మొదటిది, రెండు వరుసలనూ చివరిదాకా వాడుకోవాలి. అర కిలోమీటరు ముందే అందరూ ఒకే వరుసలో నిలబడితే, పక్క వరుస ఖాళీగా ఉండి క్యూ రెట్టింపు అవుతుంది. చివరిదాకా వచ్చినవాళ్లను చూసి "మధ్యలో దూరుతున్నారు" అని కోపం తెచ్చుకుంటాం. వాళ్లు తమ వరుసలోనే వచ్చి ఉంటే అది తప్పు కాదు. రెండో మెలిక, ఒక్కరికే దారి. ఒక బండిని రానిచ్చాక మీరు కదలాలి. మీ తర్వాత ఇంకొకరు. వరసగా నలుగురు దూరితే అది జిప్ కాదు, చిరిగిపోయిన బ్యాగు. రోడ్డు దిగి, ఎడమ అంచు మట్టిలోంచి దుమ్ము లేపుకుంటూ ముందుకొచ్చి తలదూర్చేవాళ్లు కూడా దీని కిందికి రారు. వాళ్లు వచ్చింది వరుసలోంచి కాదు.

టోల్‌గేటు అవతల ఈ పద్ధతే పనిచేస్తుంది. గేటు దాటాక తిన్నగా పొండి. అడ్డంగా కోయకండి. పక్క గేటు నుంచి వచ్చిన బండికి ఒకసారి దారి ఇవ్వండి, తర్వాత మీరు పొండి. ముందున్న బండికి అంటుకుపోయి, సందు లేకుండా చేసి, పక్కవాణ్ని రానివ్వకపోతే గెలిచినట్టు అనిపిస్తుంది. గెలిచింది ఒక కారు పొడవు. నాలుగు మీటర్లు.

చివరగా, నేర్చుకోవడం గురించి. లెర్నర్ లైసెన్స్ పరీక్షలో 60 శాతం జవాబులు సరిగ్గా ఉంటే పాస్. డ్రైవింగ్ పరీక్షలో ఏమేం చూడాలో కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో రాసి ఉంది. వాటిలో ఇతర వాహనాలను దాటడం, ఇతరులను దాటనివ్వడం కూడా ఉన్నాయి. కాగితం మీద ఉన్నాయి. మన ఆర్టీఏ ట్రాకుల మీద ఎనిమిది అంకె తిప్పుతారు, హెచ్ అక్షరంలో వెనక్కి నడుపుతారు. ఆ ట్రాకు మీద ఎదురుగా లారీ రాదు. పక్క నుంచి ట్రాక్టరు ఎక్కదు. కాబట్టి దాటడం, కలవడం అనేవి రెండూ లైసెన్స్ చేతికొచ్చాక, నడిరోడ్డు మీద, పక్కనున్న అన్ననో మామనో చూసి నేర్చుకునే విద్యలైపోయాయి. ఆయనకు ఎవరు నేర్పారో ఎవరికీ తెలియదు.

ఇంట్లో కొత్తగా బండి నేర్చుకునే అబ్బాయో అమ్మాయో ఉంటే, ఒక పని చేయించండి. స్టీరింగు ఇవ్వక్కర్లేదు. రెండు వరుసల రోడ్డు మీద పక్క సీట్లో కూర్చోబెట్టండి. బండి 80కి దగ్గరగా పోతున్నప్పుడు, దూరంగా ఎదురొస్తున్న ఒక బండిని చూపించి అడగండి. "ఇప్పుడు మన ముందు లారీ ఉంటే దాటొచ్చంటావా?" దాటొచ్చు అంటే లెక్కపెట్టమనండి. వెయ్యిన్నొకటి, వెయ్యిన్నిరెండు, వెయ్యిన్నిమూడు. ఎదుటి బండి మీ పక్కకు వచ్చేలోపు లెక్క పదికి చేరకపోతే, అక్కడ దాటడానికి చోటు లేదు. మొదట్లో చాలామంది దాటొచ్చు అన్న చోట లెక్క ఐదారు దగ్గరే ఆగిపోతుంది. కొన్ని ప్రయాణాలు ఇలా చేయించండి. తర్వాత ఇదే ఆట రాత్రిపూట ఆడించండి. రాత్రి దూరం అంచనా మరీ తప్పుతుంది. ఒంటి లైటుతో వచ్చేది బైకు అనుకుంటాం, దగ్గరికొచ్చాక ట్రాక్టరు అవుతుంది. వాళ్ల నోట "ఇది బైకో ట్రాక్టరో తెలియడం లేదు, ఆగుదాం" అన్న మాట వచ్చిన రోజున తాళాలు చేతికివ్వొచ్చు.